తిన్న ఉప్పు

ఎవడైనా నలుగురిలో మాట పడి కూడా చలించకుండా కూర్చున్నాడనుకోండి, "వీడు ఉప్పూ కారం తింటున్నాడా, లేదా?" అంటాం. మాట తగిలితే మనస్సు చురుక్కుమనడానికీ, అన్నంలో వేసుకునే చిటికెడు ఉప్పుకూ ఏమిటి సంబంధం? ఈ నుడికారాన్ని పుట్టించినవారు శరీరశాస్త్రం చదువుకున్నవారు కారు. అయినా వారు అన్న మాటలో సగం మటుకు అక్షరాలా నిజం. కారం సంగతి చివర చెబుతాను. చురుక్కుమనడం అనేది ముమ్మాటికీ ఉప్పు చేసే పనే.

మన ఇళ్ళల్లో ఉప్పుకున్న మర్యాద మరి దేనికీ లేదు. దీపాలు పెట్టిన తరువాత ఉప్పు బదులివ్వరు. చేతిలోంచి చేతిలోకి అందించరు. కింద పెడితే రెండోవారు తీసుకోవాలి, లేకపోతే పోట్లాటలు వస్తాయని భయం. పిల్లవాడికి దిష్టి తీయాలంటే గుప్పెడు ఉప్పే కావాలి. ఒకరి ఇంట్లో తిన్న ఉప్పును జన్మలో మరవకూడదంటారు. గమనించారో లేదో, తిన్న అన్నాన్ని మరవకూడదనరు, తిన్న పప్పును మరవకూడదనరు, ఉప్పునే అంటారు. జ్ఞాపకానికీ ఉప్పుకూ మొట్టమొదట ముడి వేసింది మనవాళ్ళే కాబోలు.

తెలుగు చెప్పుకునే నేను ఈ ముడి విప్పడానికి పూనుకోవడానికి కారణం మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మాష్టారు. ఒకనాడు మధ్యాహ్నం విరామంలో ఆయన కారియరు మూత తీస్తూ, "మీకు తెలుసునా? మెదడులాగా పనిచేసే యంత్రభాగాలను ఉప్పునీళ్ళతో చేస్తున్నారు" అన్నారు.

"ఉప్పునీళ్ళతో ఊరగాయ చేస్తారని తెలుసుగాని, మెదడు చేస్తారని తెలియదు," అన్నాను.

ఆయన నవ్వి ఊరుకోలేదు. ఆ రోజు మొదలుకొని నెల్లాళ్ళపాటు, కారియరు మూతల మీద ముద్దపప్పుతో గీతలు గీస్తూ, నాకు పాఠం చెప్పారు. అందులో నాకు తలకెక్కినంత వరకు మీకు మనవి చేస్తాను.

ఉప్పును నీళ్ళలో వేస్తే కరుగుతుందని మనకు తెలుసు. కరగడమంటే మాయమవడం కాదు, విడిపోవడం. సోడియం ధనవిద్యుత్తును మోసుకుంటూ ఒక దారి, క్లోరిన్ ఋణవిద్యుత్తును మోసుకుంటూ ఒక దారి పడతాయి. ఇట్లా విద్యుత్తును నెత్తిన పెట్టుకుని నీటిలో తిరిగే కణానికి 1834లో ఫారడే అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు "అయాన్" అని పేరు ఖాయం చేశాడు. అది గ్రీకు మాట. "పోయేది" అని అర్థం. బాటసారి అంటే సరిపోతుంది.

మన ఇంట్లో దీపం వెలిగించే తీగలో పరుగెత్తేవి ఎలక్ట్రానులు. మన ఒంట్లో పరుగెత్తేవి ఈ బాటసారులు. వేలికి సూది గుచ్చుకుంటే ఆ కబురు మెదడుకు చేర్చేది సోడియం, పొటాషియం అయాన్లే. నాడీకణం లోపల పొటాషియం ఎక్కువగా ఉంటుంది, బయట సోడియం ఎక్కువగా ఉంటుంది. మధ్యనున్న పలచని పొరలో సన్నని ద్వారాలుంటాయి. కబురు వచ్చినప్పుడు సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. బయటి సోడియం లోపలికి పడుతుంది. వెంటనే ఆ తలుపులు మూసుకుని పొటాషియం తలుపులు తెరుచుకుంటాయి. లోపలి పొటాషియం బయటికి పోతుంది. ఈ తతంగమంతా సుమారు సెకనులో వెయ్యోవంతు కాలంలో ముగుస్తుంది. అదే నాడి పొడవునా ఒక చోటినుంచి మరొక చోటికి అంటుకుంటూ పోతుంది. అదే చురుక్కుమనడం.

ఈ రహస్యాన్ని బయటపెట్టినవారు ఆలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ. సముద్రంలో ఉండే స్క్విడ్ అనే జీవికి అర మిల్లీమీటరు లావు, ఇంకా పైన కూడా, నాడీతంతువు ఉంటుంది. కంటికి కనిపించేంత లావు గనుక దానిలోకి సన్నని తీగ దూర్చవచ్చు. 1939లో వారు ఆ పని చేశారు. అంతలో యుద్ధం వచ్చింది. తిరిగి మొదలుపెట్టి 1952లో పూర్తిచేశారు. నాడిలో విద్యుత్తు ఎట్లా లేచి ఎట్లా పడుతుందో చెప్పే సమీకరణాలు అవి. కేంబ్రిడ్జిలోని కంప్యూటరు ఆ సమయానికి అందుబాటులో లేక, హక్స్‌లీ చేతితో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చుని, పిడి తిప్పి తిప్పి ఆ లెక్కలు తేల్చాడు. మెదడు భాషకు వ్యాకరణం అట్లా పిడి తిప్పి రాసింది. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ద్వారాలు ఎంత సన్ననివో చెప్పాలి. మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు ఎనభై వేల నానోమీటర్లుంటుంది. పొటాషియం వెళ్ళే ద్వారం ఇరుకైన చోట ఒక నానోమీటరులో మూడోవంతు. అందులోంచి సెకనుకు కోట్లకొలది అయాన్లు వెళతాయి. విచిత్రమేమంటే, సోడియం పొటాషియంకంటే చిన్నది. అయినా పొటాషియం ద్వారం సోడియాన్ని పోనివ్వదు. పెద్దవాణ్ణి లోపలికి వదిలి చిన్నవాణ్ణి గుమ్మంలో నిలబెట్టే ద్వారపాలకుణ్ణి మన పురాణాల్లోనూ చూడలేదు. ఆ ద్వారం కట్టడమెట్టిదో 1998లో రోడరిక్ మాకిన్నన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చూపించాడు. 2003లో ఆయనకూ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ మన భీమవరం వారి సంగతి ఒకటి చెప్పకపోతే తప్పవుతుంది. లోపలికి వచ్చిన సోడియాన్ని మళ్ళీ బయటికి తోడకపోతే, రెండో కబురుకు నాడి సిద్ధంగా ఉండదు. అందుకు ప్రతి కణంలోనూ తోడుడు యంత్రాలున్నాయి. ఒక్క తోడుకు మూడు సోడియాలు బయటికి, రెండు పొటాషియాలు లోపలికి. వీటిని 1957లో కనిపెట్టినవాడు డెన్మార్కుకు చెందిన యెన్స్ స్కౌ. ఈ తోడుడుకు కూలి ఇచ్చేది ఎ.టి.పి. అనే పదార్థం. 1929లో ఆ ఎ.టి.పి.ని లోకానికి చెప్పినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డులో ఫిస్కే అనే ఆయనతో కలిసి ఆ పని చేశారు. మన శరీరం బరువులో మెదడు నూటికి రెండు వంతులే. తినే తిండిలో మటుకు నూటికి ఇరవై వంతులు అదే మింగుతుంది. అందులో పెద్దభాగం ఈ తోడుడు కూలికే పోతుంది. మనం ఊరికే కూర్చున్నామనుకునే వేళ కూడా ఈ బావిలో గిలక ఆగదు.

ఇంతవరకూ దేవుడు చేసిన ద్వారాలు. ఇక మనుష్యులు చేసినవి.

చిన్న రంధ్రంలోంచి ఉప్పునీటిని పంపి పని చేయించుకోవడం కొత్తదేమీ కాదు. రక్తపరీక్ష కాగితంలో ఎర్రకణాలు ఇన్ని, తెల్లకణాలు ఇన్ని అని లెక్క ఉంటుంది చూడండి, ఆ లెక్కకు మార్గం చూపినవాడు వాలెస్ కౌల్టర్. ఉప్పునీటిలో కలిపిన రక్తాన్ని చిన్న రంధ్రంలోంచి పంపితే, ఒక్కొక్క కణం దూరినప్పుడల్లా అక్కడి విద్యుత్తు ఒక్కసారి తగ్గుతుంది. ఎన్నిసార్లు తగ్గితే అన్ని కణాలు. 1953లో ఆయనకు దానికి పేటెంటు వచ్చింది. 1996లో రెండు నానోమీటర్లకంటె సన్నని రంధ్రంలోంచి, మన వంశం రాసిపెట్టి ఉండే డి.ఎన్.ఎ. వంటి దారాన్ని దూర్చి చూపించారు. ఇప్పుడు ఆ పద్ధతిలో డి.ఎన్.ఎ.ను చదివే పరికరం అరచేతిలో పడుతుంది.

ఈ రంధ్రాలకు జ్ఞాపకం కూడా ఉంటుందనేదే మా మాష్టారు చెప్పిన కొత్త సంగతి.

ఒక పలచని ప్లాస్టిక్ రేకును తీసుకుని, మహావేగంతో వచ్చే బరువైన అయాన్ ఒక్కదానితో దాన్ని కొట్టిస్తారు. ఆ జాడను క్షారంలో ఒక వైపునుంచి కరిగిస్తే గరాటు ఆకారంలో రంధ్రం ఏర్పడుతుంది. ఒక వైపు వెడల్పు, రెండో వైపు కొద్ది నానోమీటర్లు. రంధ్రం గోడకు ఋణవిద్యుత్తు అంటుకుని ఉంటుంది. రెండు వైపులా ఉప్పునీరు పోసి విద్యుత్తు పెడితే, ఒక దిక్కున పెట్టినప్పుడు అయాన్లు గరాటులో గుమిగూడతాయి, దారి సుళువవుతుంది. ఎదురు దిక్కున పెడితే అయాన్లు పలచబడతాయి, దారి కష్టమవుతుంది. అయితే గుమిగూడటానికీ చెదరడానికీ కొంత కాలం పడుతుంది. అందువల్ల ఇప్పుడు ఎంత విద్యుత్తు పోతుందన్నది, ఇంతకు ముందు ఏం జరిగిందన్నదాని మీద ఆధారపడుతుంది.

నాకు బోధపడలేదన్నాను. మాష్టారు కోనసీమవారు. "పంటకాలవ చూశారు గదా," అన్నారు. "కట్టి వదిలేసిన ఎండుకాలవలోకి నీరు వదిలితే మొదటి నీళ్ళన్నీ నేల తాగేస్తుంది. చివరి చేను తడవదు. నిన్న పారిన కాలవలో ఇవాళ వదిలితే నీరు జరజరా పోతుంది. కాలవకు నిన్నటి నీరు జ్ఞాపకముంది."

దానితో తలకెక్కింది. మన మెదడులో ఒక నాడీకణానికీ మరొకదానికీ నడుమనున్న సంధిలోనూ ఇదే ధోరణి. కబురు పోయినకొద్దీ కొన్ని దారులు సుళువవుతాయి. వాడని దారి ఎండిపోతుంది. ఎక్కం నాలుగుసార్లు చదివితే వచ్చేదీ, నాలుగేళ్ళు వల్లించకపోతే పోయేదీ అందుకే.

గడచిన చరిత్రను బట్టి అడ్డు పెట్టే విద్యుత్ పరికరం ఒకటి ఉండి తీరాలని 1971లో లియాన్ చువా అనే ఆచార్యుడు కాగితం మీద లెక్క కట్టి చెప్పాడు. దానికి "మెమ్రిస్టర్" అని పేరు పెట్టాడు. తెలుగులో ఏమనాలని మాష్టారు నన్నడిగారు. "స్మృతినిరోధకం" అన్నాను. "అట్లా అంటే జ్ఞాపకశక్తిని పోగొట్టే మందనుకుంటారు," అన్నారాయన. ఆ చర్చ ఇంకా తెగలేదు. 2008లో అమెరికాలో ఒక కంపెనీ ప్రయోగశాలవారు గట్టి పదార్థంతో అటువంటిది చేశామన్నారు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు చెప్పిన నాడీద్వారాలు కూడా ఆ జాతివేనని చువా 1976లోనే గుర్తించాడు. అంటే మెమ్రిస్టర్ మన తలలో ఎప్పటినుంచో ఉన్నది.

నీటితో చేసేవారి వంతు ఆ తరువాత వచ్చింది. ఒకటి రెండు నీటి అణువులు పట్టేంత ఇరుకు సందులో అయాన్లు జతలు కట్టి, గుంపులై, జ్ఞాపకమున్నట్టు ప్రవర్తించగలవని 2021లో పారిస్‌లో బోకే అనే ఆచార్యుని బృందం లెక్క కట్టింది. 2023లో అదే బృందం ఇంగ్లండులోని మాంచెస్టరువారితో కలిసి దాన్ని ప్రయోగంలో చూపించింది. ఆ ఇరుకు సందుల్లో జ్ఞాపకం గంటలకొద్దీ నిలిచింది. అటువంటి సందులను అణువుల పొరలు పేర్చి కట్టే విద్యలో ఆరితేరిన రాధా బోయ, బెంగుళూరులో డాక్టరేటు చేసి మాంచెస్టరు వెళ్ళిన భారతీయురాలు. ఆ సంవత్సరమే బీజింగువారు గోడలకు పాలిమరు కుచ్చులు అమర్చిన కాలవతో అటువంటి పనే చేశారు. 2024లో హాలెండులోని యూట్రెక్ట్, కొరియాలోని సొగాంగ్ విశ్వవిద్యాలయాలవారు గరాటు కాలవ ఒకటి చేసి, అంకెల బొమ్మలను పోల్చే పనిలో దానిచేత కొంత పాలు పంచుకునేటట్లు చేశారు. ఆ కాలవ పొడుగు మిల్లీమీటరులో అయిదోవంతు. అందులో ఒక చమత్కారం: కాలవ పొడవు రెట్టింపు చేస్తే జ్ఞాపకం నిలిచే కాలం నాలుగింతలవుతుంది. ఎంతసేపు గుర్తుండాలో ముందే కొలిచి కట్టవచ్చునన్నమాట.

ఇంత అవస్థ దేనికని మీరడగవచ్చు. కరెంటు బిల్లు కోసమేనని ఒక్కమాటలో సమాధానం. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. వాటి మధ్య సంధులు నూరు లక్షల కోట్ల ప్రాంతం. ఇంత సంసారమూ సుమారు 20 వాట్లతో గడుస్తున్నది. వరండాలో వేసుకునే చిన్న దీపానికయ్యే ఖర్చు. 2022లో ప్రపంచంలోకెల్లా వేగమైనదనిపించుకున్న అమెరికా కంప్యూటరుకు రెండు కోట్ల వాట్లు పైచిలుకు కావలసివచ్చింది. విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి కేంద్రమొకటి పెడతామని 2025 అక్టోబరులో గూగుల్ వారు ప్రకటించారు. ఒక గిగావాట్ అంటే నూరు కోట్ల వాట్లు. దాన్ని ఇరవైతో భాగిస్తే అయిదు కోట్లు. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనం దగ్గర దగ్గర అంతమందే. రాష్ట్రంలో పసిబిడ్డ మొదలుకొని పండుముసలి వరకు అందరి తలలూ కలిసి ఆలోచించడానికయ్యేంత కరెంటు అది. ఈ లెక్క తేలిన రోజున మాష్టారూ నేనూ కాసేపు మాట్లాడుకోలేదు.

అయితే ఉప్పునీటి యంత్రం రేపే బజారులోకి వస్తుందని ఎవరూ ఆశపడనక్కరలేదు. అయాన్ల నడక మందం. ఎలక్ట్రాను పరికరంతో పోలిస్తే నత్తనడక. ఇంతవరకు కొద్దిపాటి కాలవలతో చిన్న చిన్న పనులు చేయించారు. మెదడులోని అయాన్లదీ మందగమనమే గాని, కోట్లకొలది దారుల్లో ఒకేసారి నడుస్తాయి. ఆ కోట్ల దారులను నీటితో, గోడలతో కట్టే విద్య ఇంకా చేతికి రావాలి.

మాష్టారి పాఠం ఇక్కడితో ఆగితే ఇది నాకు మంచి కాలక్షేపంగానే ఉండేది. నేను దీన్ని పట్టుకుని వదలకపోవడానికి కారణం వేరే ఉన్నది. అంతకు రెండు వేసవులకు ముందు మా అమ్మ మూడు రోజులు మమ్మల్ని మరచిపోయింది.

అమ్మకప్పుడు డెబ్బై నాలుగేళ్ళు. రక్తపుపోటుకు మాత్ర వేసుకునేది. మూత్రం ఎక్కువగా పోయే జాతి మాత్ర అది. ఎవరో చెప్పగా విని తనంతట తాను కూరల్లో ఉప్పు మానేసింది. ఎండలని చెంబులకొద్దీ నీళ్ళు తాగేది. ఒకనాడు ఉదయం విష్ణుసహస్రనామం మొదలుపెట్టింది. యాభై ఏళ్ళుగా పుస్తకం చూడకుండా చదివే మనిషి. మొదటి నాలుగు శ్లోకాలయ్యేసరికి తిరిగి మొదటికి వచ్చింది. మళ్ళీ నాలుగు, మళ్ళీ మొదటికి. వంటింట్లో ఉన్న మా ఆవిడ ఈ తేడా కనిపెట్టి నన్ను పిలిచింది. నేను వెళ్ళి "అమ్మా" అన్నాను. అమ్మ నాకేసి చూసి, "అన్నయ్యా, బండి కట్టించావా? పొద్దెక్కితే ఎండ," అన్నది.

మా మామయ్య పోయి అప్పటికి పద్ధెనిమిదేళ్ళు.

ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. సోడియం 135కూ 145కూ మధ్య ఉండాలట. అమ్మకు 112 ఉన్నది. రక్తంలో ఉప్పు పలచబడితే, నీరు మెదడులోని కణాల్లోకి దిగి అవి ఉబ్బుతాయనీ, పుర్రె గట్టి పెట్టె గనుక ఉబ్బడానికి చోటు లేక తెలివి తడబడుతుందనీ డాక్టరు చెప్పాడు. అయితే సెలైను గబగబా ఎక్కించి తొందరగా పెంచండని నేను బతిమాలాను. "తొందర పనికిరాదండీ. రోజుకు ఎనిమిదికి మించి పెరగనివ్వకూడదు. ఒక్కసారిగా పెంచితే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగులుతుంది," అన్నాడు. ఉప్పుగల్లు లెక్కన మనిషిని వెనక్కి తేవాలన్నమాట.

మూడు రోజులు ఆ మంచం పక్కన కూర్చున్నాను. అమ్మ పుట్టింటి పెరడు, అందులో నూతిగట్టు, బండి వెనక పరుగెత్తుకొచ్చే కుక్క, దాని పేరు, అన్నీ చెబుతున్నది. నా పేరు మటుకు చెప్పలేదు. నన్నే అడిగింది, "మీ పిల్లలెంతమంది నాయనా?" అని. మూడోనాటి సాయంకాలం సోడియం 127కు వచ్చింది. అమ్మ కళ్ళు తెరిచి చూసి, "ఏరా, కాలేజీకి సెలవు పెట్టావా? జీతం నష్టం కాదూ?" అన్నది. నేను బయటికి వెళ్ళి కాసేపు వరండాలో నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక జరిగినదంతా చెప్పాం. "అయితే నా తెలివంతా ఉప్పుగల్లంత అన్నమాట," అని నవ్వింది. సహస్రనామం తడుముకోకుండా చివరిదాకా చదివింది. ఆసుపత్రిలోని మూడు రోజులు మటుకు ఆమెకు లేవు. ఇప్పటికీ లేవు. ఆ మూడు రోజులూ నా దగ్గరే ఉన్నాయి.

ఈ అనుభవం ఉన్నవాణ్ణి గనుక, మాష్టారు గరాటు కాలవల గురించి చెబుతున్నప్పుడు నాలో ఒక పంతం పుట్టింది. "మీ కాలవలో జ్ఞాపకమంటే గుమిగూడిన అయాన్లే గదా? అవి చెదిరితే జ్ఞాపకం పోయినట్టే గదా?" అని అడిగాను. అవునన్నారు. "మా అమ్మకు ఉప్పు తగ్గింది. బండి పోలేదు, కుక్క పేరు పోలేదు. ఉప్పు తిరిగి రాగానే నేనూ తిరిగి వచ్చాను. కనుక జ్ఞాపకం ఉప్పులో లేదు. ఉప్పు సిరా. సిరాబుడ్డి పలచబడ్డంత మాత్రాన రాసిన తాళపత్రాలు చెరిగిపోవు," అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. "మరి ఆ మూడు రోజుల సంగతేమిటి? సిరా పలచబడింది, కొత్త రాత పడలేదు. సిరా లేని రాత ఎక్కడన్నా ఉన్నదా?" అన్నారు. అదీ నిజమే. అప్పుడు మాకు ఎరిక్ కాండెల్ అనే ఆయన తీర్పు చెప్పాడు. సముద్రంలోని ఒక నత్తజాతి జీవిమీద ఏళ్ళ తరబడి పరిశోధించి 2000లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రజ్ఞుడాయన. కొద్దిసేపు నిలిచే జ్ఞాపకానికి ఉన్న సంధులు కొంత బిగుసుకుంటే చాలు. చిరకాలం నిలిచే జ్ఞాపకానికి కణం కొత్త ప్రోటీనులు తయారుచేసి, కొత్త సంధులు కట్టుకోవాలి. మొదటిది కాలవలో తడి. రెండోది కొత్త కాలవ తవ్వడం.

ఈ తేడా మన తెలుగువారికి కొత్తగా చెప్పనక్కరలేదు. అవధానంలో పృచ్ఛకుల ప్రశ్నలకు విడతకొక పాదం చెబుతూ, నడుమ గంటలు లెక్కపెడుతూ, అప్రస్తుత ప్రసంగానికి నవ్వుతూ జవాబిస్తాడు అవధాని. గంటల లెక్క ఆ పూటకే. చివర పద్యాలన్నీ వరసగా అప్పజెప్పడం ధారణ. ఆ ధారణ వెనక పాతికేళ్ళ చదువు ఉంటుంది, ఆ చదువు తవ్విన కాలవలుంటాయి. ఉప్పునీటి యంత్రం ఈనాటికి గంటలు లెక్కపెట్టడం నేర్చుకున్నది. పారిస్‌వారి సందులు మరికొంతసేపు గుర్తుపెట్టుకుంటున్నాయి. ధారణ ఇంకా దూరాన ఉన్నది. కాలవ తనను తాను తవ్వుకోవడం నేర్చిన నాడు మాట్లాడుకుందాం.

దీన్నిబట్టి ఇంట్లో పెద్దవారున్నవారికి ఒక మాట చెప్పడం నా విధి. పెద్దవారు ఉన్నట్టుండి తడబడితే, మాట మీద మాట తప్పితే, "వయస్సు వచ్చింది గదా" అని సరిపెట్టుకోకండి. వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి రక్తంలో సోడియం చూడమనండి. ఉప్పు మానడమైనా, పెంచడమైనా, డాక్టరునడిగి చేయవలసిన పనే. పోటు ఉన్నవారికి ఉప్పు ఎక్కువైనా ముప్పే. చినగంజాం ఉప్పుకొఠార్లలో రాశులు పోసినా మన ఒంటికి కావలసింది చిటికెడే. ఆ చిటికెడులో హెచ్చుతగ్గులు మటుకు మెదడు సహించదు.

మొన్న మాష్టారు మరొక ప్రశ్న వేశారు. "సరేనండీ, రేపు ఆ కోట్ల కాలవలూ కట్టారనుకుందాం. ఉప్పునీటితో నడిచే మెదడు యంత్రం తయారైందనుకుందాం. అప్పుడైనా దానికి మనసున్నట్టు ఒప్పుకుంటారా?"

నేను ఆలోచించాను. నాడిలో పరుగెత్తే అయాన్ ఎవరి తలలో ఉన్నా ఒకటే, గాజుగొట్టంలో ఉన్నా ఒకటే. అది తెలిసీ మొండికేయడం చదువుకున్నవాడి లక్షణం కాదు. ఇప్పటి యంత్రాలు గుర్తుపెట్టుకుంటాయి. లెక్క కడతాయి. మాట కూడా చక్కగా కూర్చి చెబుతాయి. నలుగురిలో మాట పడ్డప్పుడు చురుక్కుమనడం మటుకు వాటిలో నాకు కనిపించలేదు. ఒకరి ఇంట్లో తిన్నదాన్ని ముప్పై ఏళ్ళు తలచుకోవడమూ కనిపించలేదు.

"ఇప్పటికి ఉప్పు పెట్టారు," అన్నాను. "కారం కూడా పెట్టనివ్వండి, చూద్దాం."